తుపాను నెలల్లో చామంతి

రాష్ట్రంలో చాలా జిల్లాల వాళ్ళకు చలికాలమంటే ఎండ మెత్తబడి, పొలాలు కోతకొచ్చి, తెల్లారుజామున మంచు పట్టే కాలం. మా నెల్లూరు జిల్లా వాళ్ళకు అదే వానాకాలం. జూన్, జూలైల్లో అందరికీ తొలకరి పడుతుంటే మేం ఉక్కపోతకు విసనకర్రలు ఊపుకుంటూ కూర్చుంటాం. అసలు వాన మాకు దసరా అటూ ఇటూగా మొదలై, ఈశాన్యం నుంచి వస్తుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో కుండపోత. దీపావళికి టపాకాయలు ఎండబెట్టుకోవాలంటే ముందు ఎండ కావాలి కదా, చాలా ఏళ్ళు అదే ఉండేది కాదు.

చామంతి మొగ్గ తొడిగి విచ్చుకునేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. ఈ ఒక్క సంగతి తెలిస్తే మా అవ్వ ఏటా పడిన పాట్లన్నీ తెలిసినట్టే.

అవ్వంటే మా నాయన వాళ్ళమ్మ. పెన్నకు ఉత్తరపు ఒడ్డున, కోవూరు వైపు మా ఊరు. పెంకుటిల్లు, ముందు వసారా, వెనక పెద్ద దొడ్డి. దొడ్లో బావి, బావి పక్కన గూడూరు నుంచి తెచ్చి నాటిన నిమ్మచెట్టు, గోడవారన మునగ, ఓ మూల గేదెలు, పేడదిబ్బ. మిగిలిన జాగా అంతా పూలమొక్కలది. మల్లె ఉండేది, కనకాంబరాలు ఉండేవి, డిసెంబరు పూల చెట్టు ఉండేది. వాటి మానాన అవి పూసేవి, మేం కోసుకునేవాళ్ళం. అవ్వ ప్రాణం మాత్రం చామంతుల మీదే.

మా దొడ్లో ఉండింది నాటు పచ్చ చామంతి. ఇప్పుడు బజార్లో కిలోల లెక్కన తూచి పోసే పెద్ద పూలు కావు అవి. పాత రూపాయి బిళ్ళంత ఉంటాయి. నడిమిన ముదురు పసుపు బొడ్డు, చుట్టూ రెండు మూడు వరసల సన్న రేకులు. ఆకు నలిపితే చేదు కలిసిన ఘాటు వాసన. ఆ వాసన నచ్చని వాళ్ళు కొందరుంటారు. మా అమ్మ వాళ్ళలో ఒకతె. తల్లో ఎప్పుడూ మల్లెలో, కనకాంబరాలో తప్ప చామంతి పెట్టుకునేది కాదు. ఈ విషయంలో అత్తాకోడళ్ళ మధ్య నోరెత్తని తగువొకటి మేం పెద్దయ్యేదాకా నడిచింది.

చామంతి పని సంక్రాంతి పోగానే మొదలయ్యేది. పూత అయిపోయిన మొక్కను నేలకు జానెడెత్తు ఉంచి కొట్టేసేది అవ్వ. చూస్తే ఎండు పుల్లలు మిగిలినట్టుండేది. కొన్నాళ్ళకు మొదలు చుట్టూ మట్టిలోంచి పిలకలు వచ్చేవి. ఆ పిలకలే వచ్చే ఏటి చామంతులు. వాటిని ఎండాకాలం దాటించడం ఒక యజ్ఞం. మా వైపు మే నెల ఎట్లా ఉంటుందో తెలిసిందే. రోహిణి కార్తెలో బావిగట్టు మీద కాలు పెడితే బొబ్బలెక్కేది. పిలకలున్న గోలేలన్నిటినీ నిమ్మచెట్టు నీడకు చేర్చి, పొద్దున గిన్నెలు కడిగిన నీళ్ళు, సాయంత్రం బియ్యం కడిగిన నీళ్ళు పోసేది. ఇంటికొచ్చిన చుట్టాలు కాళ్ళు కడుక్కోవాలన్నా ఆ గోలేల దగ్గరికే పొమ్మనేది. చుట్టాలు నవ్వేవాళ్ళు గాని, పోయేవాళ్ళు.

ఆషాఢంలో పిలకలు విడదీసి నాటడం. మాగిన పేడ ఎరువు, పెన్న ఇసక, దొడ్డి మట్టి కలిపేది. మా నేల కొంచెం బంకమన్ను. అందులో నీళ్ళు నిలబడితే చామంతి వేరు కుళ్ళిపోతుంది, అందుకే ఇసక. ఏటికి పోయిన వాళ్ళెవరైనా ఒట్టి చేతులతో తిరిగొస్తే ఊరుకునేది కాదు. గొబ్బెమ్మల ఏటి పండగకు పోయినా సరే, తువ్వాలు కొంగున ఇంత ఇసక మూటకట్టుకుని రావాలి.

శ్రావణంలో మొక్క జానెడు పెరిగి ఏపుగా నిలబడ్డాక, గోటితో దాని తల తుంచేసేది. చిన్నప్పుడు నాకది ఎంత అన్యాయంగా కనిపించేదో. నెలంతా నీళ్ళు పోసి పెంచింది నేను, తల తుంచేది ఈమె. ఏడుపు మొహం పెడితే, "తల తుంచితేనే మే, దానికి చేతులొచ్చేది" అనేది. నిజంగానే పదిహేను రోజులు తిరిగేసరికి పక్కల నుంచి కొమ్మలు లేచేవి. వాటి తలలు మళ్ళీ తుంచేది. వినాయక చవితి దాటాక మాత్రం మొక్క జోలికి పోనిచ్చేది కాదు. అప్పుడు తుంచితే మొగ్గ పోతుంది. ఏ మొక్కకు ఎన్ని కొమ్మలో, దేనికి పేనుబంక పట్టిందో, దేని కింద చీమలు పుట్ట పెట్టాయో అన్నీ నోటికి చెప్పేది. పేనుబంకకు పొయ్యిలో బూడిద, లొంగకపోతే సబ్బు నీళ్ళు. బలానికి శెనక్కాయ చెక్క నానబెట్టిన నీళ్ళు. మూడు రోజులు నానాక ఆ కుండ మూత తీస్తే వీధి చివరిదాకా తెలిసేది. ఆ పూట అమ్మ వంటింటి కిటికీ మూసుకుని వంట చేసేది.

ఇంత చేసి, సరిగ్గా మొగ్గలు శెనగ గింజలంతయ్యే వేళకు రేడియోలో వార్త వచ్చేది. బంగాళాఖాతంలో వాయుగుండం.

ఆ రెండు మాటలు వినగానే మా ఇంట్లో ఎవరి పని వాళ్ళకు తెలుసు. నాయన పెంకుల మీద బరువులు పెట్టి, గేదెలను కొట్టంలోకి తోలేవాడు. అమ్మ కట్టెలు, పిడకలు లోపల వేసుకునేది. పిల్లలం చామంతులు మోయాలి. గోలేలు, పగిలిన కుండలు, డాల్డా డబ్బాలు, అడుగు పోయిన బకెట్లు, ఒక పాత రుబ్బురోలు కూడా, అన్నిట్లో చామంతులే. రుబ్బురోలును మాత్రం ఎవరూ కదిలించలేరు గనక దాని మీద గంప బోర్లించి, గంప మీద రాయి పెట్టేవాళ్ళం. మిగతావన్నీ ముందు వసారాలోకి, అక్కడ నిండితే నడవలోకి, ఇంకా మిగిలితే దేవుడింట్లోకి. నేల మీద నాటిన వాటికి వెదురు పుల్లలు గుచ్చి, అరటి నారతో కట్టి, చుట్టూ నీళ్ళు పోవడానికి కాలవ తీసేది అవ్వ. తల మీద గోనెసంచి గొంగడిలా కప్పుకుని, వంగిన నడుంతో, చేతిలో తవ్వుగోల. ఈ పని నాయన చేస్తానంటే ఒప్పుకునేది కాదు. "నీకు కాలవ తియ్యడం చాతనైతే మన మడిలో నీళ్ళెందుకు నిలుస్తాయిరా" అని దెప్పేది.

వాయుగుండాలన్నీ మా మీదికే రావు. కొన్ని మద్రాసు వైపు, కొన్ని మచిలీపట్నం వైపు పోతాయి. అట్లా తప్పిపోయినప్పుడు మళ్ళీ గోలేలన్నీ మోసుకొచ్చి ఎండలో పెట్టాలి. వారానికి ఇంకో వాయుగుండం. మళ్ళీ లోపలికి. నవంబరంతా ఇదే వరస. మా చెల్లెలు ఒకసారి విసిగిపోయి, "తుపానొస్తే ఒక్కసారే బాధ, రాకపోతే రెండుసార్లు మొయ్యాల" అంది. అవ్వ నవ్విందిగాని నాయన నవ్వలేదు.

1984 నవంబరు నడిమిన వచ్చింది మాత్రం తప్పిపోలేదు. స్కూల్లో బాలల దినోత్సవానికి ఆటపాటలు ప్రాక్టీసు చేస్తున్న రోజులు. శ్రీహరికోట దగ్గర తీరం దాటిన ఆ తుపాను జిల్లా దక్షిణాన్ని నానా బీభత్సం చేసింది. మాది దానికి చాలా ఉత్తరం. అయినా ఆ రాత్రి గాలి చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే నడవలో చామంతి గోలేల మధ్య చాపలేసుకుని ముడుచుకు పడుకున్నాం. తడిసిన మట్టి, చామంతి ఆకు, కిరసనాయిలు దీపం, మూడు వాసనలు కలిసి గాలి ఆడని ఆ నడవంతా నిండిపోయాయి. అమ్మ ముక్కు మీద కొంగు పెట్టుకుని కూర్చునుంది. ఆ రాత్రి కూడా చామంతి వాసన మీద తన పట్టు వదల్లేదు.

పొద్దున లేచి చూస్తే మునగ మధ్యకు విరిగి బావిలో పడింది. ఎంత చిన్న గాలివానొచ్చినా ముందు విరిగేది మునగే, అది పెద్ద వార్త కాదు. నిమ్మచెట్టు ఆకు లేకుండా నిలబడింది. నేల మీది చామంతులు సగం పడుకున్నాయి. రుబ్బురోలు మీద గంప ఎటు పోయిందో ఈనాటికీ తెలియదు. గోడ బయట కరెంటు స్తంభం వంగి, తీగలు రోడ్డు మీద పడున్నాయి.

ఆ స్తంభం గురించి చెప్పాలి. అంతకు ముందు వేసవిలోనే దాన్ని మా దొడ్డి గోడకు ఆనుకుని పాతి, గుండు బల్బు పెట్టారు. వీధికి వెలుగొచ్చిందని అందరూ సంతోషించారు. మేమైతే రాత్రిళ్ళు దాని కిందే తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. దసరా నాటికి దొడ్లో తక్కిన చామంతులన్నిటికీ మొగ్గ కనిపించింది గాని, గోడవారన బల్బు వెలుగు పడే వరసకు మాత్రం ఒక్క మొగ్గ లేదు. ఆకు మాత్రం నిగనిగలాడుతూ మోకాలెత్తు పెరిగింది. అవ్వ ముందు ఎరువు ఎక్కువైందంది. తరవాత దిష్టి అంది. పండు మిరపకాయలు, నిమ్మకాయ గుచ్చి దండ కట్టింది. తరవాత ఎదురింటి వాళ్ళ కన్ను మంచిది కాదంది, వాళ్ళు వినేటట్టుగానే.

తుపాను తరవాత కొన్ని వారాలు ఊళ్ళో కరెంటు లేదు. స్తంభం లేపి తీగలు లాగేటప్పటికి డిసెంబరు నడిచిపోయింది. బల్బు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ చీకట్లోనే గోడవారన వరస మొగ్గ తొడిగింది. దొడ్లో మిగతావన్నీ సంక్రాంతికి పూసి అయిపోతే, ఆ వరస రథసప్తమి నాటికి విరగబూసింది. రథసప్తమి పొద్దున చిక్కుడుకాయల రథం మీద, పాయసం గిన్నె పక్కన, సూర్యుడికి ఆ ఏడు మా ఇంట్లో చామంతి పూజ. అంతకు ముందెన్నడూ ఆ రోజుకు మా దగ్గర చామంతి మిగిలింది లేదు.

అవ్వ ఎదురింటి వాళ్ళ మీద నేరం ఎత్తేసింది. "దానికి రాత్రనేది లేకపోయె పాపం, ఎట్టా పూస్తది" అంది. ఆమె బడికి పోలేదు. సంతకం కూడా వేలిముద్రే. కాలేజీలో వృక్షశాస్త్రం చదివేటప్పుడు మా మేడం పాఠం చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. చామంతి పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా ఉండే రోజుల్లోనే మొగ్గ తొడిగే జాతి. రాత్రి పొడుగును ఆకులతో కొలుచుకుంటుంది. చీకటి ఏకధాటిగా ఉండాలి. నడిరాత్రి కాసేపు వెలుగు పడినా దాని లెక్క తప్పిపోతుంది, పూత మాని ఆకులేస్తుంది. దసరా దాటాక పగలు కుంచించుకుపోతూ వస్తుంది గనక మన చలికాలంలో పూస్తుంది. అవ్వ ఇవేవీ వినకుండానే, మరుసటేడు బల్బుకు, మొక్కలకు నడుమ గోడ మీద ఒక గోనెపట్టా వేలాడదీసింది. వీధి వాళ్ళు అడిగితే, "నా చామంతులకు నిద్ర పట్టడంలేదు" అని చెప్పింది.

చాలా ఏళ్ళకు రాత్రి బస్సులో బెంగుళూరు పోతుంటే, రోడ్డు పక్క చేలల్లో వరసగా బల్బులు వెలుగుతూ కనిపించాయి. పెళ్ళేమో, జాతరేమో అనుకున్నాను. పక్క సీటులో రైతు చెప్పాడు, చామంతి చేలట. పండక్కి ధర పలికే నాటికి పూత అందాలని కొన్ని వారాలు రాత్రిళ్ళు దీపాలు పెట్టి మొగ్గను ఆపుతారట. ఆ వెలుగు తీసేసిన రోజు నుంచి లెక్క వేసుకుంటే రెండు నెలలకు కోత. మా వీధి బల్బు చేసిన పనినే డబ్బు పెట్టి చేస్తున్నారన్నమాట.

ధనుర్మాసం వస్తే మా దొడ్డికి గిరాకీ. తెల్లారకముందే వీధిలో ఆడవాళ్ళు కసువు ఊడ్చి, పేడనీళ్ళు చల్లి ముగ్గులేసేవాళ్ళు. గొబ్బెమ్మలు పెట్టే పని మాది, ఆడపిల్లలది. నడిమి పెద్ద గొబ్బెమ్మకు గుమ్మడి పువ్వు, చుట్టూ ఉన్న చిన్న వాటికి బంతి, చామంతి, డిసెంబరు పూలు. గుమ్మడి పువ్వు చూడ్డానికి గొప్పగా ఉంటుందిగాని ఎండ తగిలితే వాలిపోతుంది. చామంతి సాయంత్రానికి కూడా పొద్దున పెట్టినట్టే ఉంటుంది. అందుకని అందరికీ చామంతే కావాలి. అడిగితే అవ్వ లేదనదని ఊరంతా తెలుసు. గొబ్బెమ్మకు పువ్వు అడిగితే లేదనడం పాపమని ఆమె నమ్మకం. ఆ నమ్మకం తెలిసిన పిల్లలు ఒకే పొద్దున రెండు మూడుసార్లు వచ్చేవాళ్ళు. అడగకుండా గోడ దూకి కోసుకుపోయే వాళ్ళను మాత్రం అవ్వ తిట్టేది. ఆ తిట్లు ఇక్కడ రాయకూడదు.

ఆ గొబ్బెమ్మలన్నిటినీ పిడకలు చేసి భోగి మంటలో వేసే ఊళ్ళున్నాయి. మా వైపు పండగ చివర గొబ్బెమ్మలను తట్టల్లో పెట్టుకుని పెన్నకు పోతాం. నెల్లూరు వాళ్ళకు ఏటి పండగంటే పెద్ద సందడి. రంగనాయకుల గుడి వెనక ఇసకంతా జనం. దేవుళ్ళు కూడా ఏటి ఒడ్డుకు వస్తారు. పిల్లలకు రంగుల రాట్నం, చెరుకు గడలు. గొబ్బెమ్మను నీళ్ళలో వదిలితే పేడ కరిగిపోయి పువ్వొక్కటే పైకి తేలేది. ఎవరి పువ్వు ఎంత దూరం పోతుందని పందేలు కట్టుకునేవాళ్ళం. పెన్నలో నీళ్ళు సరిగా లేని ఏడు ఆ పందెం కుదరక, పిల్లలం ఊరికే ఇసకలో పొర్లి వచ్చేవాళ్ళం. అవ్వ ఇసక మూట సంగతి మరవలేదు కదా, అదీ అప్పుడే.

ఇంట్లో వాడగా మిగిలిన పూలు ఒక పూలామె కొనుక్కుని బస్సులో నెల్లూరు తీసుకుపోయేది. చిన్నబజారులో కూర్చుని అమ్మేదట. పొద్దున్నే వచ్చి గంప దింపి, అవ్వతో కలిసి తమలపాకు వేసుకున్నాకే బేరం. అవ్వ పూలను మూరల్లో కట్టి ఇచ్చేది. నడుమ నడుమ మరువం, దవనం పెట్టి కట్టిన దండ. అమ్మడానికైతే మూర చిన్నదయ్యేది, గుడికైతే అదే చెయ్యి బారెడు సాగేది. పూలామె కూడా తక్కువది కాదు. అవ్వ కొలిచిన దండను అక్కడే తన చేత్తో మళ్ళీ కొలిచి, "నీ మూర నా మూరలో ముప్పాతిక గూడా లేదే" అనేది. ఇద్దరిదీ పొట్టి చెయ్యే. అట్లా అరగంట గడిచేది. పావలా తేడా కోసం ఇంత రభస ఎందుకని నాయన విసుక్కునేవాడు. నాకిప్పుడనిపిస్తుంది, ఆ అరగంట కోసమే ఆమె మా ఇంటిదాకా నడిచొచ్చేదేమోనని. ఎందుకంటే చామంతులు మా ఊళ్ళో బస్టాండు దగ్గరి ఇళ్ళలోనూ ఉండేవి.

హైస్కూల్లో సైన్సు సారు ఒకరోజు ఇంటి నుంచి తలా ఒక చామంతి తెమ్మన్నారు. బ్లేడుతో నిలువునా కోసి చూపించారు. మనం ఒక పువ్వనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు. చుట్టూ ఉన్న ఒక్కో రేకూ ఒక్కో పువ్వు. నడిమి బొడ్డులో ఉన్నవన్నీ మళ్ళీ గొట్టాల్లాంటి బుల్లి పూలు. వందల పూలు కలిసి ఒక కాడ మీద కాపురం ఉంటాయి. పొద్దుతిరుగుడుదీ, బంతిదీ ఇదే కుటుంబం. దారి పక్కన మొలిచే గడ్డిచామంతి కూడా వీటి చుట్టమే. దాని ఆకు నలిపి పసరు పిండితే మోకాలి దెబ్బ నుంచి కారే రక్తం ఆగుతుందని ప్రతి పల్లెటూరి పిల్లకూ తెలుసు, అది చుట్టమని మాత్రం తెలియదు. ఈ జ్ఞానమంతా మోసుకొచ్చి సాయంత్రం మా పెద్దత్త ముందు పెట్టాను. పండక్కి పుట్టింటికి వచ్చి, జడకు పూలు పెట్టించుకుంటోంది. అంతా విని, "అయితే దీనికి ఒక్క పువ్వు చాలు, వంద పూలు పెట్టుకున్నట్టే" అని నా జడలోంచి దండ తీసి తన కూతురి జడలో తురిమింది. చదువు వల్ల నాకు జరిగిన మొదటి నష్టం అది.

అవ్వ పోయాక దొడ్డి చిన్నదైపోయింది. పంపకాలొచ్చాయి. నిమ్మచెట్టున్న వైపు గోడ లేచింది. అమ్మ చామంతులను ఉంచింది. వాసన పడదని ముప్పై ఏళ్ళు ముక్కు మూసుకున్న మనిషి, సంక్రాంతి కాగానే మొక్కలు కొట్టి, పిలకలకు నిమ్మనీడ లేదని కొబ్బరాకుల పందిరి వేయించింది. ఎందుకమ్మా అంటే, "ఉన్నవాటిని చంపుకుంటామా" అని ముక్తసరిగా జవాబు. తల్లో మాత్రం చివరిదాకా పెట్టుకోలేదు.

2021 నవంబరు వానలకు పెన్న పొంగింది. సోమశిల నుంచి వదిలిన నీళ్ళు కోవూరు వైపు ఊళ్ళ మీద పడ్డాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. హైవే తెగి లారీలు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. మా దొడ్లోకి మోకాలెత్తు నీళ్ళొచ్చాయి. తుపానుకైతే గోలేలు వసారాలోకి మొయ్యొచ్చు. ఏరే ఇంట్లోకొస్తే ఎక్కడికని మోస్తాం. నీళ్ళు తీసేసరికి చామంతులన్నీ ఒండ్రు కింద ఉన్నాయి. వేరుకుళ్ళుతో ఒక్కటీ మిగల్లేదు. అంతకు ముందేడు నేను రెండు పిలకలు నెల్లూరు తెచ్చుకుని బాల్కనీలో పెట్టుకునుంటే, అవే మళ్ళీ ఊరికి విత్తనమయ్యాయి.

బాల్కనీ చామంతుల కథ వేరు. మా అపార్టుమెంటులో కారిడారు లైటు రాత్రంతా వెలుగుతుంది. సెక్యూరిటీ కోసమని కమిటీ వాళ్ళ తీర్మానం. నేను దసరా నుంచి రోజూ సాయంత్రం ఆరు గంటలకు కుండీల మీద అట్టపెట్టెలు బోర్లించి, పొద్దున ఆరున్నరకు తీస్తాను. అవ్వ గోనెపట్టాకు ఇది అపార్టుమెంటు రూపం. పక్క ఫ్లాటు అమ్మాయి మొదటి ఏడు నన్ను అదోలా చూసింది. డిసెంబరులో పువ్వులు చూశాక ఆన్‌లైన్లో ఏవో వచ్చిన పెట్టెలు దాచి నాకు ఇస్తోంది. చలికాలంలో కడియం మొక్కల బళ్ళు వీధుల్లోకి వస్తాయి కదా, నల్ల కవర్లలో నిండా పూసిన చామంతులు. ఆ అమ్మాయి అవి కొంటుంది. పూత కాగానే పారేయబోతుంటే నేనే ఆపి, జానెడెత్తుకు కొట్టించాను. ఇప్పుడు తనకూ పిలకలున్నాయి.

మా చెల్లెలు కాలిఫోర్నియాలో ఉంటుంది. గోలేలు మోయడం మీద విసుక్కున్న చెల్లెలే. పోయిన జనవరిలో ఫొటో పంపింది. రోడ్డు పక్క నడుమెత్తు పొద, దట్టంగా చీలిన బూడిద పచ్చ ఆకులు, పొద నిండా పసుప్పచ్చ పూలు. అచ్చం మా నాటు చామంతే అనిపించింది మొదట. వెంటనే ఫోన్ చేశాను.

"ఇది చామంతి కాదక్కా. యూరియాప్స్ అంట. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిందంట. ఇక్కడ చలికాలమంతా పూస్తా ఉంటుంది."

"రేకులు ఒక వరసే ఉండాయే."

"ఒకటే వరస. కాడ కూడా చామంతి మాదిరి మెత్తగా ఉండదు, కట్టెపుల్ల. ఏటేటా పిలకలు తీసి నాటే పనిలేదు. ఒకసారి పెడితే ఏళ్ళ తరబడి ఉంటుంది."

అవ్వ ఉంటే ఈ మాటకు నొచ్చుకునేది. పని లేని మొక్కను ఆమె మొక్కగా ఎప్పుడు లెక్కేసింది గనక. ఫోన్ పెట్టాక వెతికి చదివాను. దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికా కొసన, కేప్ ప్రాంతమట. అక్కడా వానలు పడేది చలికాలంలోనే. కాలిఫోర్నియాలోనూ అంతే. ఎండాకాలమంతా చినుకుండదు, చలిలో వాన. అంటే ఆ పువ్వు తడుస్తూ పూయడానికి పుట్టింది. మా చామంతికి ఆ యోగం లేదు గనకే మా చేతులు కాయలు కాచింది.

తరవాత రోజు ఇంకో ఫొటో. వాళ్ళింటి గుమ్మం ముందు సున్నప్పొడి ముగ్గు, ముగ్గు నడుమ మూడు గొబ్బెమ్మలు, నెత్తిన ఆ యూరియాప్స్ పూలు. అక్కడ చామంతి కుండీలు అక్టోబరులో అంగళ్ళ నిండా ఉంటాయట, సంక్రాంతికి ఒక్కటీ దొరకదట. అందుకని పక్కింటి వాళ్ళను అడిగి ఈ పూలు కోసుకుందట.

"వాళ్ళు ఇచ్చారా?"

"గొబ్బెమ్మకని చెప్పినా. ఏందో అర్థం కాలేదు గాని, కోసుకోమన్నారు."

"పూలు బాగుండాయి గాని, గొబ్బెమ్మలు దేంతో చేశావు మే? ఆడ పేడ యాడ దొరికింది?"

"సంక్రాంతి శుభాకాంక్షలక్కా" అని పెట్టేసింది. ఇంతవరకు చెప్పలేదు.